అమ్మోరి కోళ్లూ మా పైడమ్మత్తా

నిన్న పొద్దున్న వైజాగ్‌లో ఆఫీస్ బస్ ఎక్కానో లేదో, లక్ష్మి వదిన ఫోన్. "అమ్మ పోయిందే" అంది.

"ఏ అమ్మ?" అని అడిగాను.

నిజంగానే అడిగాను. పైడమ్మత్త పోవడమేంటి? మొన్న ఆదివారం వీడియో కాల్‌లో నన్ను తిట్టింది కదా, గట్టిగా నవ్వకే, కోళ్లు బెదిరిపోతాయని!

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

పైడమ్మత్త మా నాన్నకి అక్క, లక్ష్మి వదినకి అమ్మ. కళింగపట్నం దగ్గర పల్లెలో కాపురం. ఆవిణ్ణి ఎరిగిన ఎవర్నడిగినా ముందు కోళ్ల గురించే చెప్తారు.

అవి మామూలు కోళ్లు కావు. అత్త కాపురానికి వెళ్లేటప్పుడు మా నాన్నమ్మ బుట్టలో పెట్టి ఇచ్చిన పాత నాటు సంతతి. సన్న కాళ్లు, పొడుగు మెడ, ఒళ్లంతా అనుమానం.

గ్లాసు కింద పడితే ఇంటి కప్పు మీదుంటాయి. కుక్కర్ విజిల్ వేస్తే పనసచెట్టు మీద.

అత్త కొత్త చీర కట్టుకుంటే అత్తనే గుర్తుపట్టవు. అందుకని మేత వేసేటప్పుడు ఎప్పుడూ ఆ వెలిసిపోయిన పచ్చ చీరే. మేం ప్రేమగా కొన్న చీరలన్నీ బీరువాకే అంకితం.

ఒకసారి అత్త మొగుడు సింహాచలం మావ ముచ్చటపడి పెరటి గోడకి నీలం రంగు వేయించాడు. అంతే. కోళ్లు అలిగి ఇంటి ముఖం చూడలేదు. గుడ్లన్నీ పక్కింటి గడ్డివాములో. వాళ్లింట్లో రోజూ ఆమ్లెట్లు.

అత్త ఊరుకుంటుందా? గోడ మొత్తం ఎర్రమట్టితో అలికేసింది. మావ లబోదిబోమంటే, "గుడ్డు మానీసి రంగు తింతావేటి?" అంది.

ఇక అసలు సంగతి.

నేను టెన్త్‌లో ఉండగా టైఫాయిడ్ వచ్చి మంచం పట్టాను. తగ్గితే కోడినిస్తానని అత్త ఊరి అమ్మోరికి మొక్కుకుంది. తగ్గింది. తన కోళ్లలోంచే ఓ ఎర్ర పెట్టని చంకన పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ గుడికి బయల్దేరింది.

మా వైపు పద్ధతి ఏంటంటే, కోడి మీద పసుపు నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మోరు ఒప్పుకున్నట్టు.

చల్లారు. అది విదిలించడంతో ఆగలేదు. పూజారి నెత్తి మీద కాలు పెట్టి గుడి కప్పెక్కేసింది!

కర్రలు, బుట్టలు, నిచ్చెన, ఊరు మొత్తం. ఒక్కరికీ దొరకలేదు. అమ్మోరు ఒప్పుకున్నట్టా, లేనట్టా అని పెద్దలు కింద తగువులాడుకుంటున్నారు.

అత్త చెంగు దోపుకుని అమ్మోరి ఎదురుగా నిలబడింది.

"అమ్మా, నీ గుడి మీదే కూకున్నాది. కావాలంటే నువ్వు పట్టుకోనేవేటి? నువ్వే ఒగ్గీసినావు. ఇంక అది నీ కోడి. నాను మేపుతాను."

పెద్దలు నిచ్చెన తీయించేశారు.

అప్పట్నుంచి ఆ పెట్ట, దాని పిల్లలు, ఆ పిల్లల పిల్లలు, అన్నీ అమ్మోరి కోళ్లే. కొయ్యకూడదు, అమ్మకూడదు. కొత్తల్లుడు వచ్చినా సంతలో కొన్న బ్రాయిలరే. పాపం వదిన మొగుడు, మా అన్నయ్య, పెరట్లో నాటుకోళ్లని చూస్తూ బ్రాయిలర్ తిన్నాడు.

అత్తకి ఉన్న బెంగల్లా ఒక్కటే. "నాను పోతే ఈటిని ఎవలు సూస్తారే గుంటా? ఎవల సెయ్యీ పట్టవు" అనేది నాతో, వెళ్లిన ప్రతిసారీ.

నిన్న మధ్యాహ్నానికి నేను ఊరు చేరేసరికి అదే అయింది. జనం, టెంటు, డప్పులు. కోళ్లన్నీ పనసచెట్టు చిటారు కొమ్మకి చేరాయి. రోజంతా దిగలేదు. మేత లేదు, నీళ్లు లేవు. వారం కిందటే పుట్టింటికి వచ్చి ఉన్న వదిన నూకలు చల్లి పిలిచింది, నేనూ పిలిచాను. ఇంకో కొమ్మ పైకి జరిగాయి.

వదిన వాళ్లది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. మావ సంగతి చెప్పక్కర్లేదు. నడిస్తే నేల అదురుతుంది, మాట్లాడితే మైకు అక్కర్లేదు. ఇన్నేళ్లలో ఒక్క కోడీ ఆయన దరికి రాలేదు. పట్టుకుని గుడికి అప్పగించేద్దామని పెద్దలన్నారు. మావ మాత్రం వచ్చినవాళ్లకి కుర్చీలు వేస్తూ తిరిగాడు. కంట్లో చుక్క నీరు లేదు. నాకు భయమేసింది.

ఈ పొద్దున్న మావ పనసచెట్టు కింద కూలబడ్డాడు. కోళ్ల కోసం కాదు, ఓపిక అయిపోయి. పక్కన వదిన వదిలేసిన నూకల తట్ట.

ఎంతసేపు కూర్చున్నాడో. ముందు ఓ ముసలి పెట్ట దిగింది. తర్వాత ఇంకోటి. నేనూ వదినా కిటికీ దగ్గర ఊపిరి బిగబట్టి చూస్తున్నాం.

మావ గుప్పెడు నూకలు తీసి చెయ్యి చాపాడు. పెట్ట మెడ అటు తిప్పి, ఇటు తిప్పి, చాలాసేపు ఆలోచించి, ఒక్క గింజ పొడిచింది.

అప్పుడు ఏడ్చాడు మావ. చప్పుడు రాకుండా, భుజం కూడా కదలకుండా. కోడి ఎక్కడ బెదిరిపోతుందో అని.

అత్తా, అన్నీ దిగాయి. కడుపు నిండా తిన్నాయి. నువ్వింక బెంగపడకుండా హాయిగా పడుకో.