గోడ అవతలి లెక్క

కోర్టు అమీను మా తలుపుకు కాగితం అంటించి పోయిన రోజున నాకు భయం వేయలేదు, నవ్వొచ్చింది. ఇరవై ఏళ్లు ఒకే సేటు కార్ఖానాలో తువ్వాళ్లకు అంచు డిజైన్లు కట్టినవాణ్ని. మాటామాటా పెరిగి మానేసి, ఎదురు కార్ఖానాకు పోదామనుకున్నాను. సేటు కరీంనగర్ కోర్టు నుంచి ఇంజంక్షన్ తెచ్చాడు. కేసు తేలేదాకా నేను పోటీ కార్ఖానాలో చేరకూడదు, ఆయన దగ్గర కట్టిన డిజైన్లు ఎవరికీ చెప్పకూడదు. నోటుబుక్కులన్నీ అప్పగించాను. తలకాయ కూడా కోసివ్వాలా అని అడిగితే, పాపం, అమీను సంతకం చాలన్నాడు.

తలకాయలో మిగిలింది ఒక్కటే, మానేసే ముందు కట్టిన ఆఖరి అంచు. ఒక నమూనా నేసి సేటుకు చూపించాను, కాగితం మీద ఇంకా ఎక్కించలేదు. పన్నెండు పోగులకు రంగు మారుతుంది, తర్వాత నాలుగుకు, మళ్లీ పన్నెండుకు, చివర ఎవరూ పెట్టని చోట రెండు పోగులు. ఆ రెండంటే నాకు ప్రాణం.

ఇక ఇంట్లోనే. మా ఆమె బీడీలు చుడుతుంటే గోడకు ఆనుకుని కూర్చునేవాణ్ని. గోడ అవతల ఒక ముసలాయన నాలుగు సాంచాలు నడిపిస్తాడు. మరమగ్గాలను మా దగ్గర అట్లా అంటాం. పగలంతా వాటి మోతకు వీపు అదురుతుండేది.

మూడు నెలలకు, ఒక మధ్యాహ్నం, ఆ మోత మారింది. రంగు మారినప్పుడల్లా సాంచాకున్న రంగుదారాల పెట్టె టక్కున పడుతుంది. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. పన్నెండుకు పడింది. నాలుగుకు పడింది. మళ్లీ పన్నెండు. రెండు. బయట ఎండ మండిపోతోంది, నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నా తలలో ఉన్నదాన్ని అవతల ఎవరో నేస్తున్నారు.

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. రంగులు వేరు, అంచు నాదే. ఇదెక్కడిదని అడిగితే ముసలాయన నన్ను వింతగా చూశాడు.

"నువ్వే ఇస్తివి గదా తమ్మీ. మూడు నెలల సంది గోడ మీద కొడుతనే ఉన్నవు, ఆనుకుంటే నా వీపుకు తెలుస్తనే ఉన్నది. నేర్పుతున్నవనుకున్న."

సాంచాల మోతలో మాట వినబడదు. అందుకే మావాళ్లు కొత్త డిజైన్‌ను పక్కవాడి వీపు మీద కొట్టి నేర్పుతారు. పోగుకు వేలు, రంగు మారేచోట అరచేయి. తానూ సాంచా నడిపే రోజుల్లో సేటే నాకు అట్లా నేర్పాడు. కానీ గోడను కొట్టిన జ్ఞాపకం నాకు లేదు. ఇంటికొచ్చి మా ఆమెను అడిగాను. ఆమె తలెత్తలేదు.

"బువ్వ తినుకుంట గూడ కొడుతవు. చెప్తే పరేషాన్ అయితవని చెప్పలే."

గోడలకు చెవులుంటాయంటారు. మా గోడకు నోరు నేనే ఇచ్చాను. అప్పటినుంచి నా చేతులంటే నాకే భయం.

నేను ఆపమనేలోపే ముసలాయన తువ్వాళ్లు బజారుకెక్కాయి. నేను కోర్టు ఆర్డరు తప్పానని సేటు అర్జీ వేశాడు. రుజువైతే జైలే. బోనులో నిలబెట్టి, ఆ డిజైన్ ఎవరికైనా చెప్పావా అని జడ్జిగారు అడిగారు.

"ఎవ్వలికి చెప్పలే సార్," అన్నాను. నోటి వరకూ అది నిజమే.

హాలు నిశ్శబ్దమైంది. అందులో చిన్న చప్పుడు వినబడింది. బోను కర్ర మీద నా కుడిచేయి కొడుతోంది.

ముందు వరుసలో సేటు తలవంచి వింటున్నాడు. చివరి రెండు దెబ్బల దగ్గర కళ్లు మూసుకున్నాడు. పట్టుబడిపోయానని తెలిసి పిడికిలి బిగించాను. చప్పుడు ఆగలేదు. ఇప్పుడది సేటు కూర్చున్న బల్ల దగ్గర్నుంచి, ఆయన వేళ్ల కింద నుంచి వస్తోంది. ఆయనా చూసుకున్నాడు. గబుక్కున చేయి ధోవతి మడతల్లో దాచుకుని నావైపు చూశాడు. ఇరవై ఏళ్లలో ఆయన మొహంలో అంత భయం నేను చూడలేదు.

తర్వాతి వాయిదాకు ఆ అర్జీ వాపసు తీసుకున్నాడు. ఇంజంక్షన్ మాత్రం అట్లాగే ఉంది. ఇప్పుడు గోడకు దూరంగా, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటున్నాను. ఎదురుగా మా ఆమె బీడీలు చుడుతోంది. పన్నెండు చుట్టి చాటలో వేస్తుంది, నాలుగు చుట్టి వేస్తుంది. మళ్లీ పన్నెండు. తర్వాత రెండు చుట్టి, ఆగి, నావైపు చూస్తుంది.