చెంచులక్ష్మి రెండు వందల మీటర్లు

చెంచులక్ష్మి పరుగు చిట్టమూరు చుట్టుపక్కల ఎరగని వాళ్లు లేరు. కాకపోతే ఆ పరుగంతా గేదెల వెనక, లేదంటే రొయ్యల షెడ్డుకు పోయే బస్సు వెనక. పదో తరగతిలో జిల్లా పరుగు పందానికి ఎంపికైన వారానికే పెళ్లి కుదిరింది. ముప్పై ఏళ్లయినా ఆ కొరత తీరలేదు.

ఇప్పుడు పదహారు దేశాల సముద్రతీర క్రీడలు మన ఒడ్డుకే వచ్చిపడ్డాయి. ఊరు పెళ్లివారిల్లయింది. క్రీడల గుర్తు ఫ్లెమింగో అట, గోడగోడకూ వేశారు. మా పెయింటరు వేసింది మెడ సాగదీసిన నాటుకోడిలా ఉంది. కాళ్లు పొడుగే కదా అని సరిపెట్టుకున్నాం.

క్రీడాజ్యోతి చేతులు మారుతూ ఒడ్డు చేరాలి, మధ్యలో నిలవకూడదు, దాని అర్థమే అది అని క్రీడాశాఖ నుంచి వచ్చిన నరేంద్రబాబు వివరించాడు. బస్టాపు నుంచి చర్చి దాకా, రెండు వందల మీటర్లు చెంచులక్ష్మి వంతు. అక్కడ డ్రిల్లు మాస్టరు లాజరస్ అందుకుంటాడు.

"నిలిస్తే మాత్రం జ్యోతిని జీపెక్కించేస్తానమ్మా," అన్నాడు నరేంద్రబాబు.

"నిలిచేదాన్నైతే పేరే ఇచ్చుండను సార్," అంది.

తీరా జ్యోతి పట్టుకుని ఇరవై అడుగులు వేసిందో లేదో, అత్త కామాక్షి ఎదురొచ్చి కాళ్ల మీద బిందెడు పసుపునీళ్లు కుమ్మరించింది. మంట మీద చేతులు చూపి కళ్లకద్దుకోబోయింది. చెంచులక్ష్మి కాళ్లు వాటంతటవే ఆగాయి. హారతి పట్టినవాళ్లు ఎదుటివాళ్లు అద్దుకునేదాకా కదలకూడదు, పుట్టినప్పటి అలవాటాయె. ఒకరు అద్దుకుంటే పక్కవాళ్లు ఊరుకుంటారా? వీధి వీధంతా చేతులు చాచింది. ఎవరో టెంకాయ కొట్టారు. ఇంకెవరో పళ్లెం ఏదని అడిగారు.

నరేంద్రబాబు జీపుకు చెయ్యి ఊపాడు. చెంచులక్ష్మికి ఏడుపొచ్చింది. నోటికాడ కూడు పోయేటట్టుంది.

"అద్దుకోవాలంటే నాతో పరిగెత్తండి. నేనింక నిలవను," అని ఒక్క ఉరుకు ఉరికింది.

పరిగెత్తారు. బిందెలతో, చంకలో పిల్లలతో, ఊడే పంచెలు పట్టుకుని పరిగెత్తారు. మోకాళ్ల నొప్పులని మూడేళ్లుగా కోడలి చేత కాళ్లు పిసికించుకుంటున్న కామాక్షి అందరికంటే ముందుంది.

"నిలబడు మే, ఒక కంటికే అద్దుకున్నా," అని వెంటబడింది.

నవ్వాపుకోలేక చెంచులక్ష్మికి ఆయాసమొచ్చింది, అయినా వేగం తగ్గించలేదు. చర్చి దగ్గర లాజరస్ జ్యోతి అందుకుని కుడివైపు రోడ్డెక్కాడు. జనం ఎక్కడివాళ్లక్కడ కూలబడ్డారు. చెంచులక్ష్మి మాత్రం ఖాళీ చేతులతో నేరుగా కాలవ గట్టెక్కి సముద్రం వైపు పరిగెత్తుతూనే ఉంది.

"అమ్మా, నీ వంతు అయిపోయింది," అని నరేంద్రబాబు కేకేశాడు.

"అది జ్యోతి పరుగు సార్. ఇది నాది," అంది, వెనక్కి తిరిగి చూడకుండానే.