దవాఖానా ముందు చెప్పుల వరుస

నా చిన్నప్పుడు మా క్యాంపస్ దవాఖానా ముందు మనుషులకంటే ముందు చెప్పులు లైన్లో నిలబడేవి. పొద్దున్నే వచ్చినవాళ్ళు తలుపు ముందు చెప్పులు వరుసగా విడిచి, పోయి చెట్టు నీడలో కూర్చునేవారు. తలుపు తెరిచాక ఎవరి చెప్పులు ముందుంటే వాళ్ళే ముందు. ఆ వరుసను ఎవరైనా కదిపితే మా తాతయ్య ఊరుకునేవాడు కాదు. ఆయన అక్కడ కంపౌండరు. మందు కలిపి ఇవ్వడం, సూది వేయడం, లైను చూసుకోవడం అన్నీ ఆయనే.

మేము యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా తాతయ్య వెనక తలుపులోంచి మందు తెచ్చిన పాపాన పోలేదు. "కంపౌండర్ ఇంటోళ్ళయితే ఏంది? పోయి చెప్పులు పెట్టుండ్రి" అనేవాడు. పైరవీ అన్న మాట వింటేనే ఆయనకు ఒళ్ళు మండేది. అమ్మ విసుక్కునేది గానీ, నాకు మాత్రం ఆయనంటే మహా గర్వం.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక పిచ్చికుక్క లాలాపేట్ వైపు నుంచి దారిలో దొరికినవాళ్ళనల్లా కరుచుకుంటూ క్యాంపస్‌లోకి వచ్చి, నన్నూ పిక్క మీద కరిచింది. అప్పట్లో కుక్కకాటుకు బొడ్డు చుట్టూ సూదులు వేసేవారు. ఆ సూదులంటే భయమే. కానీ అవి పడకపోతే ఏమవుతుందో క్వార్టర్స్ పిల్లలు పూసగుచ్చినట్టు చెప్పారు. నీళ్ళను చూస్తే భయపడతానట, కుక్కలా మొరుగుతానట, ఆ తర్వాత చచ్చిపోతానట. అమ్మ గాయాన్ని సబ్బుతో కడిగింది. మర్నాడు తెల్లవారుతూనే తాతయ్య వెంట వెళ్ళి అందరికంటే ముందు నా చెప్పులు పెట్టాను. ఎర్ర చెప్పులు. దసరాకు తాతయ్యే కొనిపెట్టాడు. ఒకదాని పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకున్నాను. నా వెనక కుక్క కరిచినవాళ్ళ చెప్పులు చాలానే చేరాయి.

కాసేపటికి తాతయ్య బయటికి వచ్చి, కుక్కకాటు మందు ఒక్కరికి సరిపడానే మిగిలిందని, తక్కినవాళ్ళు సిటీలోని పెద్దాసుపత్రికి పోవాలని చెప్పాడు. గగ్గోలు మొదలైంది. నేను మాత్రం హమ్మయ్య అనుకున్నాను. ముందున్న చెప్పులు నావి కదా.

అప్పుడే ఒకావిడ కూతుర్ని భుజాన వేసుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆ పిల్ల నాకంటే కాస్త చిన్నది. అదే కుక్క చెంప మీదా మెడ మీదా కరిచింది. ముందురోజు ఏదో పసరు పూయించి ఊరుకున్నారట. తెల్లారి ఎవరో భయపెడితే ఆవిడ ఉన్నపళంగా లేచి వచ్చింది. తల్లి కాళ్ళకూ చెప్పుల్లేవు, బిడ్డ కాళ్ళకూ లేవు. "చెప్పులిడిచి ఎనక కూసో అమ్మా" అన్నారెవరో. విడవడానికి ఆమె దగ్గర ఏముందని?

తాతయ్య ఆ పిల్ల మెడ చూశాడు. తర్వాత వంగి నా ఎర్ర చెప్పులు పైకెత్తి, అందరికీ వినబడేలా, "గీ ముందున్న చెప్పులు ఈ బిడ్డవే. పొద్దుగాల్నే పెట్టిపోయిన్రు" అన్నాడు.

"అవి మీ మనుమరాలివి గాదా?" అని ఒకాయన అడిగాడు.

"కావు" అన్నాడు తాతయ్య.

అబద్ధమాడితే నాలుక కాలుతుందని నాకు చెప్పిన మనిషి. నేను "నావే" అనబోయాను. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. తల్లీబిడ్డలను లోపలికి తీసుకుపోయాడు. అబద్ధం నిలబడాలంటే చెప్పులూ పోవాలి కదా, బయటికి వచ్చేటప్పుడు ఆ పిల్ల నా చెప్పులు వేసుకుని వచ్చింది. తాతయ్య డ్యూటీ వదిలి రాలేదు. నేను కాలే తారు రోడ్డు మీద వట్టి కాళ్ళతో, ఏడుస్తూ ఇంటికి పోయాను. ఆ రోజంతా గ్లాసులో నీళ్ళు పోసుకుని, భయమేస్తుందా లేదా అని చూసుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు తాతయ్య సెలవు పెట్టి నన్ను సిటీ బస్సులో పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి లైన్లో నిలబడ్డాక మెల్లగా చెప్పాడు. "మెడ మీద కాటు పడితే రోగం జల్ది తలకెక్కుతది బిడ్డా. నీది కాలు. నువ్వొక రోజు ఆగొచ్చు. లైన్ల ఉన్నోళ్ళల్ల ఎవరి పానం వాళ్ళకు తీపి. నువ్వు తప్పుకున్నవంటే ఎనకున్నోళ్ళు మా వంతే అందురు, ఆ బిడ్డకు జరుగుదురా? ఇంకొకల వంతు ఇయ్యనీకె నాకు హక్కు లేదు. మన ఇంటిదైతే ఇయ్యొచ్చు."

"నన్ను అడగొచ్చు గదా?" అన్నాను.

"అడిగితే ఇస్తుంటివా?"

"ఇయ్యకపోతుంటి."

"గందుకే అడగలే."

ఆయన తన ఇంటి వంతు ఇచ్చాననుకున్నాడు. అది ఇంటిది కాదు, నాది. చచ్చిపోతానేమోనని ఒక రోజంతా నీళ్ళ గ్లాసు ముందు కూర్చున్నది నేను. ఆయన కొత్త చెప్పులు కొనిపెట్టాడు. ఆ పిల్ల బతికింది కూడా. ఒకసారి క్యాంపస్ బయట తార్నాకలో తల్లి వెంట నడిచిపోతూ కనబడింది. నా చెప్పులే, నా పిన్నీసే. సంతోషించాల్సింది, కానీ పోయి వాటిని లాక్కోవాలనిపించింది. నా సొంత తాతయ్య నలుగురిలో నన్ను కాదన్నాడన్న బాధ ఆయన పోయినా పోలేదు.

నేను డాక్టర్నయ్యాను. కరోనా రెండోసారి ఉధృతంగా వచ్చినప్పుడు, తార్నాకలో నేను పనిచేసే చిన్న ఆసుపత్రిలో ఒకే ఒక్క ఆక్సిజన్ బెడ్ ఖాళీగా ఉంది. ముందు వచ్చిన ముసలాయన ఇంకొన్ని గంటలు ఆగగలడు. వెనక వచ్చినామె ఆగలేదు. ముసలాయనవాళ్ళకు బెడ్లు లేవని చెప్పి పంపించేయమని, గొడవ ఉండదని ఆసుపత్రిలో మావాళ్ళు అన్నారు. నేను బయటికి పోయి, ముసలాయన కొడుకు ఎదురుగా నిలబడి, "బెడ్ ఉంది. వరుస ప్రకారం అది మీ నాన్నదే. దాన్ని ఇంకొకరికి ఇస్తున్నాను" అని కారణం చెప్పాను. "మీ అయ్యయితే గిట్లనే చేస్తవా?" అని అతను నోటికొచ్చినట్టు తిట్టాడు. అన్నీ విన్నాను. సాయంత్రానికి ఇంకో బెడ్ దొరికేదాకా ఆ ముసలాయన పక్కనే ఉన్నాను.

ఎవరి వంతు ఎవరికివ్వాలో తాతయ్య దగ్గరే నేర్చుకున్నాను. ఆ రోజు ఆయన చేసిందే నేనూ చేస్తాను, చేశాను. కానీ తాతయ్యా, ఆ చెప్పులు నావి.