ఎసరు పెట్టించే చప్పుడు

ఏన్కూరు గ్యారేజీలో గౌస్ రేసు కారు కడుతున్నాడంటే జనం ముందు నవ్వారు, తర్వాత చూడ్డానికి వచ్చారు, ఆ తర్వాత సలహాలు మొదలుపెట్టారు. సలహాలకు మన దగ్గర కరువెప్పుడుంది గనక! ఇనుప గొట్టాలు కోసి, వెల్డింగు పెట్టి, నేలకు జానెడెత్తున కూర్చునే రెండు సీట్ల బండి చేశాడు. ముందర పాత వ్యాను ఇంజను. తలుపుల్లేవు, పైకప్పు లేదు. "వానొస్తే ఏం జేస్తవ్ భాయ్?" అని అడిగితే "తడుస్త" అనేవాడు. అంత మొండి మనిషి.

ఆ మొండితనమంతా ఒక్క సామాను కోసం. వెనక చక్రాల నడుమ ఉండి, ఇంజను బలాన్ని రెండింటికీ పంచే ఇనుప గుండు అది. కాగితాల మీద డిఫరెన్షియల్ అని రాస్తారు, గ్యారేజీలో క్రౌన్ అంటారు. గౌస్ పెట్టిన క్రౌన్ గోప్యా జీపుది.

గోప్యా, గౌస్ ఒకే కంచంలో తిన్న దోస్తులు. గోప్యాది అడవంచు తండా. భద్రాచలం దాకా కిరాయి జీపు తోలేవాడు. రేసు కారు కట్టాలన్న పిచ్చి మొదట వాడిదే. జీపు క్రౌన్ పళ్లు అరిగిపోయి, బండి కదిలితే చాలు, ఊఁ... అని సన్నగా ఏడ్చేది. తండా ముందరి మలుపులో గేరు మార్చగానే ఆ ఏడుపు రాగం మారేది. "ఇటియ్యరా, పళ్లు మారుస్త" అని గౌస్ ఎంత పోరినా వాడు వినలేదు.

"వద్దు భాయ్. గా చప్పుడు ఇనే మా యాడి ఎసరు పెడ్తది. నేను ఇంట్ల అడుగు పెట్టేసరికి అన్నం ఉడుకుతుంటది."

యాడి అంటే వాళ్ల మాటలో అమ్మ. ఆ అమ్మ పేరు జమ్లి.

పోయినేడు వానల్లో గోప్యాకు జ్వరం వచ్చింది. ఒట్టి జ్వరమేలే అనుకున్నారు. దవాఖానాకు తీసుకుపోయేలోపు మనిషి లేడు. ముప్పై ఏళ్లు నిండనివాడు! ఎవర్ని తిట్టాలి, ఏమని తిట్టాలి? జీపు పాత ఇనుము కొనేవాళ్లకు పోయింది. గౌస్ వెంటపడి పోయి క్రౌన్ ఒక్కటి విప్పి తెచ్చుకున్నాడు.

జీపులో అది ఇరుసుతో కలిసి ఉండేది. ఈ కారులో ఇరుసు గొట్టాలు కోసేసి, గుండును నేరుగా ఫ్రేముకు బిగించాలి. బిగించే చోట రబ్బరు బుష్షులు వేస్తారు ఎవరైనా. చప్పుడు ఆ రబ్బరులోనే అణిగిపోతుంది. గౌస్ వేయలేదు. ఇనుమును ఇనుముకే పట్టించి బోల్టులు బిగించాడు.

చాయ్ తెచ్చిన భార్య దిల్షాద్ కారు కిందికి వంగి చూసింది. "ఏంది జీ, రబ్బర్లు మరిచినవా?"

"మరువలే."

ఆమెకు సంగతి అర్థమైంది. "పాగల్ అయినవా? సచ్చినోళ్లను గిట్ల బోల్టులేసి బిగిస్తరా ఎవలన్న?" అంది. గౌస్ ఆ మాట చెవిన వేసుకోలేదు.

మొదటిసారి రోడ్డెక్కిన రోజు కారుకు కారే ఊఁ అంది. సీటులోంచి, స్టీరింగులోంచి, ఎముకల్లోంచి వచ్చింది ఆ చప్పుడు. పక్క సీటులో గోప్యా కూర్చున్నట్టే ఉంది. గౌస్ తోలుతూనే బోరున ఏడ్చాడు. బండి తండా దారి పట్టింది. మలుపు దాటి గోప్యా ఇంటి వాకిట్లోకి పోయేసరికి పొయ్యి రాజుకుని ఉంది, దాని మీద ఎసరు ఉంది, గుమ్మంలో జమ్లి ఉంది.

"వచ్చినవా కొడకా?"

"నేనమ్మా, గౌస్‌ని."

"అవ్, నువ్వే" అంది ఆమె కాసేపు చూసి. రెండు కంచాలు పెట్టింది. ఒకటి గౌస్ తిన్నాడు. రెండోది అలాగే ఉండిపోయింది.

అది మొదలు ప్రతి సాయంత్రం పోయేవాడు. పెద్దామెకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు పాపం.

ఒకరోజు మలుపులో బండిని గట్టిగా లాగించగానే వెనక ఫట్‌మంది. ఇంటికొచ్చి కిందికి దూరి చూస్తే బిగింపు పట్టీ చీలింది. ఇంజను లాగినప్పుడల్లా క్రౌన్ మూతి పైకి లేస్తుంది, వదిలితే కిందికి పడుతుంది. పాతిన గుంజను అటూ ఇటూ ఊపితే వదులైనట్టే ఇదీ వదులైంది. మూతికి ఇరువైపులా ముక్కోణంగా గొట్టాలు ఆనించి కట్టాలి. పని సాగుతోంది, కారు ఆగింది.

అప్పుడొచ్చింది జమ్లి, ఆటో దిగి, గ్యారేజీకి. పాత టైరు మీద కూర్చుంది.

"బాగైందా బండి?"

"రేపే వస్తనమ్మా. ఇగ మూతి కదలదు."

"రా బిడ్డా. గని, గా చప్పుడుతోని రాకు."

గౌస్ పానా కింద పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"వాడు లేడని నాకెరుకే. నా కాళ్లకు ఎరుక లేదు. చప్పుడు ఇనంగనే పొయ్యి కాడికి పోతున్నయ్. రెండో కంచం కుక్కకు ఏసేటప్పుడల్ల నా కొడుకును సాగనంపినట్టే ఉంటది. ఎన్నిమాట్ల సాగనంపాలె బిడ్డా?"

దోస్తుది అంటూ గౌస్‌కు మిగిలింది ఆ చప్పుడొక్కటే. అదీ ఇచ్చెయ్యమంటోంది. ఇవ్వనని ఏ ముఖం పెట్టుకుని అంటాడు?

పాత లారీ టైరు నుంచి మందంగా రబ్బరు ముక్కలు కోశాడు. క్రౌన్‌ను దించి, ఇనుముకూ ఇనుముకూ మధ్య ఆ ముక్కలు పెట్టాడు. ముక్కోణం గొట్టాలు అతికి, చిక్కటి ఆయిలు పోసి, బోల్టులు బిగించాడు. ఆఖరి బోల్టు బిగించే ముందు చాలాసేపు కారు కిందే పడుకున్నాడు. దిల్షాద్ వచ్చి, చాయ్ గ్లాసు కారు పక్కన పెట్టి పోయింది.

మర్నాడు సాయంత్రం తండా దారిలో ఇంజను మోత, గాలి, అంతే. మలుపులో గేరు మార్చి, అలవాటుగా చెవి వెనక్కి పెట్టాడు. వెనక ఉలుకూ పలుకూ లేదు. గోప్యా మళ్లీ చచ్చిపోయాడు. ఈసారి చంపింది గౌస్ చేతులే.

వాకిట్లోకి పోయేదాకా జమ్లి తలెత్తలేదు. పొయ్యి చల్లగా ఉంది.

"దొంగ లెక్క వచ్చినవేందిరా!" అని నవ్వింది. ఆమె నవ్వు చూసి ఎన్నాళ్లయిందో! పొద్దటి జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు ఒక్క కంచంలో పెట్టింది. గౌస్ గుండె కాస్త తేలికపడింది. ఇచ్చింది వృథా పోలేదు అనుకున్నాడు.

రొట్టె సగం తిన్నాడో లేదో, జమ్లి తల రోడ్డు వైపు తిరిగింది.

"అగో."

"ఏందమ్మా?"

"వస్తుండు." ఆమె లేచి వెళ్లి పొయ్యిలో పుల్లలు పెట్టింది, ఊదింది, గిన్నెలో నీళ్లు పోసింది.

కారు వాకిట్లోనే చల్లారుతోంది. కింద కోళ్లు తిరుగుతున్నాయి. గౌస్ ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించాడు. కీచురాళ్లు, ఎక్కడో ఒక కుక్క. ఇంకేమీ లేదు. ఆమెకు వినపడుతోంది, తనకు వినపడడం లేదు! ఆ క్షణాన వాడికి భయం వేయలేదు. దిగమింగలేని అసూయ వేసింది.

లేచి గోడవారనున్న రెండో కంచం తెచ్చాడు. తుడిచి తన కంచం పక్కన పెట్టాడు.

"ఏడిదాంక వచ్చిండమ్మా?"

జమ్లి గిన్నె మీద మూత పెట్టబోతూ ఆగి, విన్నది.

"మలుపు కాడుండు. గేరు మారుస్తుండు."