బట్టలు తిరిగే పాట

సిడ్నీ శివార్లలో, పెండిల్ హిల్‌లో మేము అద్దెకున్న ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. మధ్యాహ్నం రైలు వెళ్లినప్పుడల్లా కిటికీ అద్దాలు సన్నగా వణికేవి. ఆ తర్వాత ఇల్లంతా మళ్లీ నిద్రలోకి జారుకునేది. అమ్మ నర్సు. నైట్ డ్యూటీ చేసొచ్చి, కిటికీకి దుప్పటి అడ్డం కట్టుకుని, సాయంత్రం దాకా పడుకునేది. నాన్న ఫ్యాక్టరీలో ఉండేవాడు. నేను స్కూలు నుంచి వచ్చి బూట్లు గుమ్మంలోనే విప్పి, పిల్లిలా లోపలికి నడిచేదాన్ని. తొంభైల మొదట్లో మాట ఇది. ఆ ఇల్లు తలుచుకుంటే ఇప్పటికీ నా చెవిలో ముందుగా మోగేవి జపాన్ పాటలే.

ఆ పాటలు నాకిచ్చింది మా క్లాసులో ఒక జపాన్ పిల్ల. వాళ్ల నాన్నను కంపెనీ వాళ్లు సిడ్నీకి బదిలీ చేశారు. ఆ పిల్లకు ఇంగ్లీషు సరిగా రాదు. నాకు వచ్చు గానీ నోట్లోంచి బయటికి రాదు. నాకు నత్తి. తెలుగైనా ఇంగ్లీషైనా మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసేది. ఎదుటివాళ్లు జాలిపడి నా వాక్యం వాళ్లే పూర్తి చేసేవాళ్లు, అదీ తప్పుగా. నాకు ఒళ్లు మండిపోయేది. ఆ మంట చెప్పుకోవడానికీ మాటే కావాలి కదా. జపాన్ పిల్లతో ఆ గొడవ లేదు. లంచ్ బెల్ కొట్టగానే ఇద్దరం గోడ పక్కన నీడలో చేరి, వాక్‌మన్ ఇయర్‌ఫోన్లు రెండూ చెరొకటీ పెట్టుకునేవాళ్లం.

టోక్యోలో ఉన్న వాళ్ల అక్క రేడియోలోంచి రికార్డు చేసి పంపిన క్యాసెట్ అది. ముగ్గురు కుర్రాళ్ల బృందం. వాళ్లు పాడరు, మాట్లాడతారు. డ్రమ్ము నడుస్తుంటే ఒకడు మొదలుపెడతాడు, వాడు ఊపిరి తీసుకునేలోపు రెండోవాడు అందుకుంటాడు, మూడోవాడు వెనక నవ్వుతాడు. హిప్ హాప్ అంటారని, ఆ ఏడు అక్కడి స్కూలు పిల్లల నోట్లో అవే పాటలని ఆ పిల్ల వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. కొన్ని పాటల చివర రేడియో ఆవిడ గొంతు అడ్డం వచ్చేది. ఆవిడ మాటలు కూడా నాకు పాటలో భాగమే అయిపోయాయి.

అన్నిట్లోకీ నాకు నచ్చిన పాటకు అర్థం అడిగితే, ఆ పిల్ల చూపుడు వేలు గాల్లో గుండ్రంగా తిప్పింది.

"సండే. రెయిన్. వాషింగ్ మెషీన్. బాయ్ వాచింగ్. ఫినిష్."

అంతేనా అన్నట్టు చూశాను. అంతే అన్నట్టు తలూపింది. ఆదివారం పూట వాన పడుతోంది, వాడికి ఎక్కడికీ వెళ్లాలని లేదు, మెషీన్‌లో బట్టలు తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాడు. అంత చిన్న సంగతిని పాట చేయొచ్చని నాకు అంతకు ముందు తెలియదు. ఆ రోజంతా అదే ఆలోచన. హాయిగా అనిపించింది.

క్యాసెట్ ఇంటికి తెచ్చుకున్నాను. టేప్ రికార్డర్‌ను మా లాండ్రీ గదిలో పెట్టి, చిన్నగా మోగించి, అమ్మ యూనిఫాంలు మెషీన్‌లో వేసి ఎదురుగా కూర్చునేదాన్ని. గాజు తలుపు వెనక తెల్లబట్టలు నురగలో మునిగి తేలేవి. బయట ఎండ ఉన్నా నాకు వాన పడుతున్నట్టే ఉండేది. ఎప్పుడూ చూడని ఊరు ఒకటి కళ్ల ముందు కదిలేది. సన్న వీధులు, తడి గొడుగులు, ఎవరిదో వంటింటి దీపం. నిద్రో మెలకువో తెలిసేది కాదు. పక్క గదిలో అమ్మ గోడవైపు ఒత్తిగిల్లి పడుకునేది. ఆ పాటలు అమ్మ నిద్రలోకి కూడా వెళ్తున్నాయని అప్పట్లో నాకు తట్టలేదు.

ఒకనాడు పాటతో పాటు గొణుక్కుంటున్నాను. మెషీన్ ఆగింది, టేపూ అయిపోయింది, నా నోరు మాత్రం ఆగలేదు. పాట మొత్తం మొదటి నుంచి చివరిదాకా, ఎక్కడా పట్టేయకుండా చెప్పేశాను.  గబగబా వంటింట్లోకి వెళ్లి, అప్పుడే లేచిన అమ్మను టీ పెట్టనా అని అడగబోయాను. 'టీ' దగ్గరే బండి ఆగిపోయింది.

"పెట్టు తల్లీ," అంది అమ్మ, నా మాట పూర్తవకుండానే.

ఇక శనివారాల సంగతి చెప్పాలి. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన మా క్రైస్తవ కుటుంబాలు కొన్ని, మా వీధిలోనే ఉండే ఒక అంకుల్ వాళ్లింట్లో ప్రార్థనకు చేరేవి. లూథరన్లు, బాప్టిస్టులు, పెంతెకొస్తులు అందరూ ఒకే జంపఖానా మీద. చివర్లో చైన్ ప్రేయర్ ఉండేది. అందరూ కళ్లు మూసుకుంటే ఒకరి తర్వాత ఒకరు వరసగా పైకి ప్రార్థన చెయ్యాలి. వంతు నా వైపు వస్తున్నకొద్దీ మధ్యలో ఇంకా ఎందరున్నారో లెక్కపెట్టుకునేదాన్ని. సరిగ్గా నా దగ్గరికి వచ్చేసరికి అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి, నా బదులు తనే అందుకునేది. "ఈ బిడ్డ నాలుక ముడి విప్పు తండ్రీ" అని కన్నీళ్లతో వేడుకునేది. ప్రతి వారం, అందరి ముందూ అదే మాట. అమ్మ ప్రేమ నాకు తెలుసు. అయినా నేను పక్కనే ఉండగా నా గురించి నేను లేనట్టు మాట్లాడుతుంటే ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా ప్రార్థన నేను చేసుకోవాలి. అంతకు మించి దేవుణ్ణి ఏమీ అడగలేదు.

ఆ శనివారం వంతు దగ్గరికొస్తుంటే, గుండె కుదుటపడాలని లోలోపల ఆ పాటే నడిపించుకుంటున్నాను. మోకాలి మీద అమ్మ చెయ్యి పడింది. ఈసారి అమ్మ కంటే ముందే నోరు తెరిచాను. 'ప్రభువా' అందామనే తెరిచాను. వచ్చింది పాట. వాన, ఆదివారం, తిరిగే బట్టలు, అన్నీ జపాన్ భాషలో, గోదారి కాలవలా ఆగకుండా వచ్చేశాయి. ఆపడం నాకు చేతకాలేదు. నిజం చెప్పాలంటే ఆపాలనిపించలేదు.

"స్తోత్రం! స్తోత్రం! అన్యభాష వచ్చిందండీ బిడ్డకి!" అని అంకుల్ మోకాళ్ల మీద లేచాడు. పరిశుద్ధాత్మ దిగితే మనిషి తనకు రాని భాషలో ప్రార్థన చేస్తాడని పెంతెకొస్తుల నమ్మకం. ఎవరో చప్పట్లు కొట్టారు. ఒక ఆంటీ ఏడ్చేసింది.

గుంటూరు లూథరన్ ఆంటీ మాత్రం కళ్లు తెరిచి, కొంగు సర్దుకుంది. "అయ్యుండొచ్చు. కానీ మీనింగ్ చెప్పేవాళ్లు ఉండాలి కదండీ. లేకపోతే బైబిల్ రూల్ ఒప్పుకోదు."

"ఉంటారు సిస్టర్, ఉంటారు. ప్రభువే లేపుతాడు," అన్నాడు అంకుల్, గది చుట్టూ చూస్తూ.

నాకు భూమి చీలిపోతే బావుణ్ణనిపించింది. అప్పుడు అమ్మ గొంతు వినిపించింది.

"మీనింగ్ నేను చెప్తానండి బ్రదర్."

అందరూ అమ్మ వైపు తిరిగారు. నేనూ తిరిగాను.

"అది జపాన్ పాటండి. డే టైం నేను పడుకుంటే లాండ్రీలో పెట్టుకుంటది. పాపం, నాకు తెలీదనుకుంటది. ఏదో వాషింగ్ మెషీన్ పాటండి. అది తిరుగుతుంటేనే ఇదీ మోగుద్ది."

 అంకుల్ మెల్లగా కూర్చున్నాడు. ముందు నవ్వింది లూథరన్ ఆంటీ. తర్వాత అందరూ. నేను తల దించుకున్నాను.

"నవ్వండి, పర్లేదు," అంది అమ్మ. తనూ నవ్వింది. "మాటలు నేర్చిన కాణ్ణుంచీ ఇది ఆగకుండా మాట్లాడగా నేను విన్లేదండి. ఇవాళ విన్నాను. ఇప్పుడు దాని వంతు ఇంకా అయిపోలేదు కదా."

అంకుల్ గొంతు సవరించుకుని, "కరెక్టే. అందరూ కళ్లు మూసుకోండి," అన్నాడు.

నేనూ మూసుకున్నాను. లోపల డ్రమ్ము లేదు, వాన లేదు. "ప్ర... ప్ర..." అన్నాను. గొంతు పట్టేసింది. అలవాటు కొద్దీ అమ్మ చేతి కోసం ఎదురుచూశాను. మోకాలి మీద చెయ్యి లేదు. పక్కనే అమ్మ ఊపిరి వినిపిస్తోంది. నా బదులు అందుకోవడం లేదు. ఎవరూ అందుకోవడం లేదు. బయట రైలు వచ్చి వెళ్లిపోయింది. ఓరగా కళ్లు తెరిచి చూస్తే, వాళ్లంతా అలాగే కళ్లు మూసుకుని కూర్చున్నారు.

"ప్ర... ప్రభువా," అన్నాను చివరికి. "మా అ... అమ్మకి... ప... పగలు... బాగా నిద్ర పట్టాలి."

ఆమెన్ అన్నది మాత్రం అమ్మే.