వదిన పేరు రాయని రిజిస్టరు

అమ్మ కఫంలో క్షయ క్రిములను మొదట చూసింది నేనే. రాయగడ ఆస్పత్రి ప్రయోగశాలలో చేరి అప్పటికి ఏడాది కాలేదు. సూక్ష్మదర్శిని కింద ఎర్రటి సన్నని పుల్లలు కనిపించాయి. కటకం తుడిచి మళ్లీ చూశాను. అవే.

ఒకరికి రోగం బయటపడితే ఇంటిల్లిపాదినీ పరీక్షించాలన్నది మా డాక్టరుగారు కొత్తగా పెట్టిన పద్ధతి. దానికి రిజిస్టరు గీసింది నేను. పేరు, వరస, వయసు, దగ్గు, జ్వరం, బరువు, కఫం తీసిన తేదీ: ఏడు గడులు. మా ఇంటి కింద నాలుగు పేర్లు రాశాను. నాన్న, అన్నయ్య, నేను, అంట్లు తోమే మనిషి. నలుగురి కఫమూ చూశాను. ఎవరికీ లేదు. నాలుగు పేర్లకీ టిక్కు పెట్టి, నిజం చెప్పాలంటే, కాస్త గర్వపడ్డాను.

వదిన పేరు రాయలేదు. ఆమె అంతకు నెల ముందే, ఏడో నెలలో, పురిటికి కల్యాణసింగ్‌పూర్‌లోని పుట్టింటికి వెళ్లింది. రిజిస్టరు పైన నేను పెట్టిన శీర్షిక ‘ప్రస్తుతం ఇంట్లో ఉన్నవారు’. కానీ అంతకుముందు ఐదు నెలలు అమ్మ మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నది వదినే. అమ్మ ఉమ్మిన గిన్నె రోజూ కడిగిందీ ఆమే.

మూడు నెలల తర్వాత, నేను సూది మందు ఇస్తుంటే అమ్మ అంది:

"కోడలికి దగ్గు తగ్గిందో లేదో. ఎళ్లేముందే దగ్గీది. కడుపుతో ఉంది గదా, పైత్యం అనుకున్నాను."

"ఇన్నాళ్లూ ఎందుకు సెప్పలేదమ్మా?"

"నువ్వు అడిగేవేటి?"

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. వదిన వాళ్లమ్మ వాకిట్లో నీళ్లు కాస్తోంది.

"ఏటి బాబూ, పాప బారసాలకి రమ్మంటే రాలేదు గానీ, కబురైనా లేకుండా ఇప్పుడొచ్చేరు?"

"వదినకి దగ్గు ఎలా ఉందత్తా?"

"కాయం తింటాది గదా, ఆ ఘాటుకి దగ్గుతాది." కాయం అంటే బాలింతలకు పెట్టే మిరియాల మందు.

లోపలి గదిలోంచి వదిన గొంతు వినిపించింది. "సీసా తెచ్చుంటాడు సూడమ్మా. మా మరిది పెళ్లికెళ్లినా కఫం సీసా అట్టుకెళ్తాడు." నవ్వబోయింది. ఆ నవ్వు దగ్గులో పడి ఎంతసేపటికీ తేరుకోలేదు. పాపకు నెల దాటింది. రెండు రోజులుగా ఒళ్లు వెచ్చగా ఉంటోందన్నారు.

వదిన కఫం తెచ్చి చూశాను. క్రిములు ఉన్నాయి. డాక్టరుగారు టూరులో ఉన్నారు. తెల్లవారగానే మళ్లీ వెళ్లాను.

"ఆస్పత్రికి రావాలి వదినా. పాపని దూరంగా ఉంచాలి. పాలివ్వకూడదు." ఆ చివరి మాట నాకెవరూ చెప్పలేదు. ముందుజాగ్రత్త అనుకున్నాను.

"పసిగుడ్డు, మరేటి తాగుతాది?" అంది వాళ్లమ్మ.

"ఆవుపాలు. నీళ్లు కలిపి."

"ఎన్నాళ్లు?" అంది వదిన.

"తెలీదు."

బస్సులో పాపను ఎత్తుకుని వాళ్లమ్మ ముందు సీట్లో కూర్చుంది. వదిన, నేను వెనక. పాప చెంచాతో పోసిన పాలు మింగలేదు. దారి పొడుగునా ఏడ్చింది. వదిన రవిక తడిసిపోయింది.

"ఒక్కపాలి, మరిదీ. మొకం అటు తిప్పుకునే ఇస్తాను."

వద్దన్నాను. రాయగడ ఇంకా చాలా దూరం ఉండగానే పాప అలిసిపోయి ఏడుపు మానేసింది.

డాక్టరుగారు రెండు రోజులకు వచ్చారు. రోగం ఊపిరితో వస్తుందనీ, తల్లి ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకుని పాలిచ్చి, పాపకు కూడా మందు మొదలుపెట్టి ఉండాల్సిందనీ చెప్పారు. గట్టిగా కూడా చెప్పలేదు. అప్పటికి పాపకు రొమ్ము పట్టే ఓపిక లేదు.

ఆ వారమే రిజిస్టరులో శీర్షిక కొట్టేసి, ‘ఏడాదిగా రోగి దగ్గర పడుకున్నవారు, అన్నం పెట్టినవారు, ఇప్పుడెక్కడ ఉన్నారు’ అని రాశాను. వదిన ఏడాదిన్నర మందు వాడి కోలుకుంది.

పాప ఆస్పత్రిలో ఆరో రోజున పోయింది. రోగం వల్లో, ఆకలి వల్లో డాక్టరుగారు చెప్పలేదు. మరణ కాగితం నింపమని నాకే ఇచ్చారు. కారణం దగ్గర జ్వరం అని రాశాను.