అత్త, ఇద్దరు కోడళ్ళు, ఒక వైర్‌మన్

ఆ వైరు ఆయన ఎందుకు పీకాడు? ఇన్నేళ్లు గడిచినా నాకు జవాబు దొరకలేదు.

మా పరిశోధన సంస్థలో నేను లైబ్రరీ చూసుకునేవాణ్ణి. పక్క గది నిండా కంప్యూటర్ల వైర్లు, వాటి మధ్య మా వైర్‌మన్. వైర్లన్నీ వచ్చి చేరే పెద్ద బాక్సుకి ఆయన ‘అత్త’ అని చీటీ అంటించాడు. దాని కింది రెండూ పెద్దకోడలు, చిన్నకోడలు. నా గదికి వచ్చే వైరు ఇల్లరికపల్లుడు.

“మాటా పలుకూ ఉండదు, వేళకి తిండి మాత్రం తప్పకూడదు,” అన్నాడు. వైరు గురించేనా అని నేనడగలేదు.

“కోడళ్ళిద్దర్నీ నేరుగా కలపకూడదండీ. ఒకర్తె అన్న మాట రెండోది అత్తకి మోస్తుంది. అత్త మళ్ళీ మొదటిదాన్ని అడుగుతుంది. ఆ ఒక్క మాటే గిరగిరా తిరిగి ఇల్లంతా ఆగిపోతుంది.”

మా పెద్ద సైంటిస్టుగారు యాభై ఏళ్ల తర్వాత రావలసిన నెట్‌వర్క్‌ని అప్పుడే గీస్తున్నారు. కోట్ల కంప్యూటర్లుండాలి, ఎక్కడ తెగినా తనంతట తనే అతుక్కోవాలి, మనిషి చెయ్యి తగలకూడదు. నమూనా నెగ్గితే ముందు ఎగిరేది వైర్‌మన్ ఉద్యోగమే. ఆయన్ని తీసేసే కాగితం టైపయి సంతకం కోసం చూస్తోందని ఆయనకీ తెలుసు.

అతిథుల ముందు నమూనా ప్రదర్శనకి ముందురోజు చీటీలు చూసి సైంటిస్టుగారు చిరాకుపడ్డారు.

“ఏంటయ్యా ఈ సంత? పీకేసి నంబర్లు వెయ్యి.”

“నంబర్లకి చుట్టరికాలు తెలీవండీ.”

“చెప్పింది చెయ్యవయ్యా!”

చేశాడు.

మర్నాడు అతిథులకి కనబడకుండా ఆయన్ని బాక్సుల వెనక నిలబెట్టారు. సైంటిస్టుగారు ఒక వైరు లాగేశారు. నెట్‌వర్క్ క్షణంలో ఇంకో దారి వెతుక్కుంది. చప్పట్లు. ఆ ఊపులో వైరుని తిరిగి గుచ్చారు, పక్క కన్నంలో. కోడళ్ళిద్దరూ కలిశారు. మేడ మొత్తం మీద కంప్యూటర్ తెరలు బిగుసుకుపోయాయి. తెగితే అతుక్కోవడం దానికి నేర్పారు గాని, అతిగా అతుక్కుంటే విడిపోవడం నేర్పలేదు.

“అదే సర్దుకుంటుంది, చూడండి,” అని అతిథులకి చెప్పి, సైంటిస్టుగారు బాక్సుల వెనక్కి తల పెట్టారు. “ఏదయ్యా? ఏది పీకాలి?”

“మనిషి చెయ్యి తగలకూడదు కదండీ.”

“బాబ్బాబు, పరువు పోతుందయ్యా!”

ఊరుకుంటే ఉద్యోగం మిగిలేది. తలుపు దగ్గరున్న నాకు ఆయన చెయ్యి ఒక్కటే కనిపించింది. అది వైర్ల మధ్య కాసేపు ఆగింది. తర్వాత ఒకటి పీకింది.

తెరలు కదిలాయి. “అద్భుతం! దానంతట అదే కోలుకుంది!” అన్నారు అతిథులు. సైంటిస్టుగారు వినయంగా తల వంచారు. సాయంత్రానికి కాగితం మీద సంతకం పడింది.

లైబ్రరీ కార్డు అప్పగించడానికి ఆయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. రిజిస్టర్లో పేరు కొట్టేసి, ఎందుకు పీకావని అడుగుదామని తలెత్తాను. బల్ల మీద కార్డు ఉంది, దాని మీద ‘ఇల్లరికపల్లుడు’ చీటీ ఉంది. వెళ్ళొస్తానని ఒక్క మాటైనా అనకుండా ఆయన వెళ్ళిపోయాడు.